హైదరాబాదుకూ విశాఖకూ నడిమధ్య ఏ ఊరు?

హైదరాబాదుకూ విశాఖపట్నానికీ సరిగ్గా నడిమధ్య ఉన్న ఊరేది అని అడిగితే, రైల్లో వెళ్ళేవారు విజయవాడ అంటారు. సికింద్రాబాదు నుంచి కాజీపేట, వరంగల్లు, ఖమ్మం మీదుగా విజయవాడకు దాదాపు 350 కిలోమీటర్లు, అక్కడి నుంచి విశాఖకు మరో 350 కిలోమీటర్లు కాబట్టి వారి మాట నిజమే. కారులో వెళ్ళేవారి జవాబు వేరు. 65వ నంబరు జాతీయ రహదారి మీద విజయవాడ చేరి, అక్కడ 16వ నంబరు రహదారి పట్టుకునేవారికి మొత్తం ప్రయాణం 625 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అందులో సగం విజయవాడ దాటాక మరో నలభై కిలోమీటర్లకు, అంటే హనుమాన్ జంక్షన్ పరిసరాల్లో పూర్తవుతుంది. ఇక పటం మీద స్కేలు పెట్టి గీత గీసేవారికి ఈ రెండు ఊళ్ళూ తగలవు. ఆ గీతకు నడిమి చోటు భద్రాచలానికి దక్షిణంగా సుమారు 14 కిలోమీటర్ల దూరంలో పడుతుంది. హనుమాన్ జంక్షన్ నుంచి చూస్తే అది వంద కిలోమీటర్లు ఉత్తరాన ఉన్నట్టు.

ముగ్గురూ తప్పు చెప్పలేదు. ఎవరు ఏ దూరాన్ని సగం చేశారో దాన్నిబట్టి వారికి దొరికిన చోటు మారింది. మధ్య బిందువు అనగానే అది నేలమీద ఒకచోట పాతిపెట్టిన రాయిలా స్థిరంగా ఉంటుందని మనం అనుకుంటాం. కానీ దూరం అంటే ఏమిటో ముందు తేల్చుకోకపోతే, మధ్య అనే మాటకు అర్థమే ఏర్పడదు. ఈ ఒక్క విషయం స్పష్టమైతే మిగిలిన లెక్కంతా మామూలు త్రికోణమితి. ఇది స్పష్టం కాకపోతే ఎంత కచ్చితమైన సూత్రం వాడినా జవాబు అక్కరకు రాదు.

హైదరాబాదు, విశాఖల మధ్య తిన్నని గీత పొడవు సుమారు 503 కిలోమీటర్లు. రోడ్డు దానికన్నా 120 కిలోమీటర్లు ఎక్కువ, రైలుమార్గం రెండు వందలు ఎక్కువ. తిన్నని గీత భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మీదుగా సాగి, గోదావరిని దాటి, అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలనూ అడవులనూ చీల్చుకుంటూ విశాఖ చేరుతుంది. పెద్ద రహదారీ, రైలు కట్టా మాత్రం కొండల్ని తప్పించుకుని, ముందు దక్షిణానికి కృష్ణా తీరం దాకా దిగి, ఆ తర్వాత కోస్తా మైదానం వెంట ఈశాన్యానికి ఎక్కుతాయి. దారి ఇలా ఒక పక్కకు వంగినప్పుడు, ఆ దారికి నడిమి చోటు కూడా ఆ పక్కకే జరుగుతుంది. భద్రాచలం వైపు ఉన్న బిందువు హనుమాన్ జంక్షన్ దాకా దిగిపోవడానికి కారణం ఆ వంపే.

మొదట గీత సంగతి చూద్దాం. హైదరాబాదు 17.385 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.487 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. విశాఖపట్నం 17.687 ఉత్తరం, 83.219 తూర్పు. చాలామందికి వెంటనే తట్టే పద్ధతి సగటు తీయడం, అంటే రెండు అక్షాంశాలనూ కూడి సగం చేయడం, రెండు రేఖాంశాలనూ కూడి సగం చేయడం. అలా చేస్తే 17.536 ఉత్తరం, 80.853 తూర్పు వస్తుంది. గోళం మీద పద్ధతిగా లెక్కిస్తే వచ్చే అక్షాంశం 17.550. అంటే సగటు తీసినవారు అసలు బిందువుకు కిలోమీటరున్నర దక్షిణాన ఆగిపోయారు. ఐదు వందల కిలోమీటర్ల దూరంలో కిలోమీటరున్నర తేడా పెద్దది కాదు కాబట్టి, రాష్ట్రం లోపలి దూరాలకు, పక్క రాష్ట్రం దాకా ఉండే దూరాలకు సగటు పద్ధతి పనికొస్తుందనే చెప్పాలి. అయితే ఆ తేడా లెక్కలో దొర్లిన పొరపాటు కాదు. భూమి గుండ్రంగా ఉండటం వల్ల వచ్చిన తేడా అది. దూరం పెరిగేకొద్దీ అది మనం ఊహించేదానికన్నా చాలా వేగంగా పెరుగుతుంది.

ఎంత పెరుగుతుందో చూడటానికి తెలుగు కుటుంబాలకు బాగా తెలిసిన మరో జతను తీసుకుంటాను. తల్లిదండ్రులు హైదరాబాదులో, పిల్లలు టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్‌లో ఉన్న ఇళ్ళు నేడు ఎన్నో ఉన్నాయి. డాలస్ 32.777 ఉత్తర అక్షాంశం, 96.797 పశ్చిమ రేఖాంశం. పశ్చిమాన్ని రుణ సంఖ్యగా రాసి సగటు తీస్తే 25.08 ఉత్తరం, 9.16 పశ్చిమం వస్తుంది. అది ఆఫ్రికాలో మౌరిటానియా దేశపు ఉత్తర భాగం, సహారా ఎడారి. పటాన్ని గోడకు తగిలించి హైదరాబాదుకూ డాలస్‌కూ మధ్య దారం లాగితే దాని మధ్యభాగం నిజంగానే ఆ ప్రాంతంలో పడుతుంది కాబట్టి, ఈ జవాబు మనకు నమ్మదగినదిగానే కనిపిస్తుంది. కానీ ఆ ఎడారి బిందువు నుంచి హైదరాబాదుకు దూరం సుమారు 8,970 కిలోమీటర్లు, డాలస్‌కు సుమారు 8,330 కిలోమీటర్లు. రెండు వైపులా సమానంగా లేనిదాన్ని మధ్య అనలేం. పైగా ఈ రెండూ కలిపితే 17,300 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి డాలస్‌కు భూమి ఉపరితలం మీద అతి తక్కువ దూరం సుమారు 14,410 కిలోమీటర్లే. అంటే ఆ బిందువు అసలు దారిలోనే లేదు.

పొరపాటు ఎక్కడ జరిగింది? అక్షాంశం, రేఖాంశం పొడవును కొలిచే బారలు కావు, కోణాలు. ఒక డిగ్రీ అక్షాంశం ఎక్కడైనా దాదాపు 111 కిలోమీటర్లే. రేఖాంశం అలా కాదు. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం 111 కిలోమీటర్లు, హైదరాబాదు దగ్గర 106, ఎనభయ్యవ అక్షాంశం దగ్గర 19 మాత్రమే, ధ్రువం దగ్గర సున్న. రేఖాంశాలన్నీ ధ్రువం వద్ద కలిసిపోతాయి కాబట్టి, తూర్పు పడమరల్లో ఎంతో దూరంగా కనిపించే రెండు ఊళ్ళు ఉత్తరం వైపు నుంచి చూస్తే దగ్గరగా ఉండవచ్చు. సగటు తీసేటప్పుడు మనం ఈ కుంచించుకుపోవడాన్ని లెక్కలోకి తీసుకోకుండా, అన్ని డిగ్రీలూ ఒకే పొడవు అన్నట్టు కూడేస్తాం. గోడ పటం కూడా అదే పని చేస్తుంది. 1569లో మెర్కేటర్ రూపొందించిన పటం ఓడను ఒకే దిక్కుకు నడిపించేవారికి గొప్ప సాధనం అయినా, అందులో ఆఫ్రికా వైశాల్యంలో పద్నాలుగో వంతు ఉన్న గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. అలాంటి పటం మీద స్కేలు పెట్టి సగం దూరం కొలవకూడదు.

ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని ఒక కొసను హైదరాబాదు మీద, మరో కొసను డాలస్ మీద ఉంచి బిగుతుగా లాగండి. దారం ఆఫ్రికా వైపు నిలవదు, జారి ఉత్తర ధ్రువం పక్కకు పోతుంది. బిగుతైన ఆ దారం పట్టుకున్న దారినే మహావృత్తం అంటారు. భూమి కేంద్రం గుండా కోస్తే ఉపరితలం మీద ఏర్పడే వృత్తం అది. భూమధ్యరేఖ ఒక మహావృత్తం, ఎదురెదురు రేఖాంశాలు రెండూ కలిసి మరొకటి. గోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారి ఎప్పుడూ మహావృత్తం వెంటే ఉంటుంది.

హైదరాబాదు, డాలస్‌ల రేఖాంశాల మధ్య తేడా 175 డిగ్రీల పైచిలుకు. అది సరిగ్గా 180 అయ్యుంటే రెండూ ఒకదానికొకటి ధ్రువానికి అటూ ఇటూ ఉండి, దగ్గరి దారి ధ్రువం మీదుగానే పోయేది. ఈ పోలికతో కాగితం కలం లేకుండానే ఒక ఉజ్జాయింపు వేయవచ్చు. హైదరాబాదు నుంచి ధ్రువానికి 72.6 డిగ్రీలు, డాలస్ నుంచి 57.2 డిగ్రీలు, మొత్తం దాదాపు 129.8. అందులో సగం 64.9 కాబట్టి, హైదరాబాదు నుంచి బయలుదేరినవారికి ధ్రువం ఇంకా ఎనిమిది డిగ్రీల దూరంలో ఉండగానే సగం దారి పూర్తవుతుంది. అంటే నడిమి చోటు మనవైపు ఆర్కిటిక్‌లో ఉండాలి. పెద్ద లెక్కలోకి దిగేముందు ఇలాంటి ఉజ్జాయింపు ఒకటి చేతిలో ఉంచుకోవడం ఎంతో మేలు. ఎక్కడైనా గుర్తు తారుమారై జవాబు సహారాలో తేలితే వెంటనే పట్టుకోగలం.

కచ్చితమైన లెక్కకు దారి ఇది. భూమి వ్యాసార్థాన్ని ఒకటి అనుకుని, కేంద్రం నుంచి ఒక్కో ఊరికీ ఒక బాణం గీసినట్టు ఊహించండి. ఆ బాణం కొనను మూడు సంఖ్యలతో చెప్పవచ్చు. అక్షాంశపు కొసైన్‌ను రేఖాంశపు కొసైన్‌తో గుణిస్తే మొదటిది, అక్షాంశపు కొసైన్‌ను రేఖాంశపు సైన్‌తో గుణిస్తే రెండోది, అక్షాంశపు సైన్ మూడోది. హైదరాబాదుకు ఇవి 0.1905, 0.9351, 0.2988. డాలస్‌కు −0.0995, −0.8349, 0.5414. ఇప్పుడు దేనికది కూడితే 0.0910, 0.1002, 0.8402 వస్తాయి. మొదటి రెండు చోట్లా ఈ ఊరి సంఖ్యనూ ఆ ఊరి సంఖ్యా దాదాపు కొట్టేసుకుని మూడోది మాత్రం పెద్దదిగా మిగలడం గమనించండి. బాణం ఉత్తరానికి గురిపెట్టిందని ఆ మూడో సంఖ్యే చెబుతోంది. ఈ కొత్త బాణం ఏ దిక్కును చూపుతోందో ఆ దిక్కున భూమి ఉపరితలం మీద ఉన్న చోటే మధ్య బిందువు. రేఖాంశం కావాలంటే రెండో సంఖ్యకూ మొదటి సంఖ్యకూ ఉన్న నిష్పత్తికి విలోమ టాంజెంట్, అంటే ఆ టాంజెంట్ విలువ ఏ కోణానిదో, తీయాలి. అక్షాంశం కావాలంటే మొదటి రెండింటి వర్గాల మొత్తానికి వర్గమూలం తీసి, మూడో సంఖ్యను దానితో భాగించి, దానికి విలోమ టాంజెంట్ తీయాలి. జవాబు 80.85 ఉత్తరం, 47.8 తూర్పు.

అది రష్యాకు చెందిన ఫ్రాంజ్ జోసెఫ్ లాండ్ అనే మంచు దీవుల సమూహం. హైదరాబాదు నుంచి 7,200 కిలోమీటర్లు, డాలస్ నుంచీ అంతే. రెండు ఎండ ఊళ్ళకు నడిమి చోటు హిమానీనదాల మధ్య ఉండటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే అనిపిస్తుంది. కానీ గ్లోబు మీద దారం లాగినవారెవరికీ అందులో సందేహం ఉండదు.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చే విశేషం మరొకటి ఉంది. రెండు బాణాలనూ కూడి సగం చేస్తే వచ్చే బిందువు ఉపరితలం మీద ఉండదు, భూమి లోపల ఉంటుంది. అది హైదరాబాదు నుంచి డాలస్‌కు భూమిని తొలుచుకుంటూ తిన్నగా సొరంగం తవ్వితే దానికి నడిమి చోటు. దాని లోతు సుమారు 3,660 కిలోమీటర్లు. భూమి బాహ్య కేంద్రకం 2,890 కిలోమీటర్ల లోతున మొదలవుతుంది కాబట్టి, ఆ బిందువు కరిగిన ఇనుము మధ్యన ఉన్నట్టు. హైదరాబాదు, విశాఖల సొరంగానికి మధ్యభాగం కేవలం 5 కిలోమీటర్ల లోతులోనే ఉంటుంది. గుండ్రదనం ప్రభావం చిన్న దూరాల్లో ఎందుకు కనిపించదో, పెద్ద దూరాల్లో ఎందుకు దాన్ని విస్మరించలేమో ఈ రెండు లోతులూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. బాణాన్ని ఉపరితలం దాకా పొడిగించడం అంటే, లోపలి బిందువు నుంచి నిట్టనిలువుగా నేలమీదికి రావడమే.

లెక్క స్వయంగా చేసేవారు తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి. ఎక్సెల్‌లోనూ, చాలా ప్రోగ్రామింగ్ భాషల్లోనూ సైన్, కొసైన్‌లు డిగ్రీలను తీసుకోవు, కోణానికి మరో కొలమానమైన రేడియన్లనే తీసుకుంటాయి. విలోమ టాంజెంట్‌కు రెండు సంఖ్యలు తీసుకునే ఏటాన్2 అనే ప్రమేయాన్నే వాడాలి, లేకపోతే బిందువు భూగోళానికి రెండో వైపు తేలవచ్చు. ఆ ప్రమేయానికి చాలా ప్రోగ్రామింగ్ భాషలు నిష్పత్తిలో పైన ఉండే సంఖ్యను ముందు అడిగితే, ఎక్సెల్ కింద ఉండే సంఖ్యను ముందు అడుగుతుంది. మరో పొరపాటు ఇంకా సాధారణమైనది. హైదరాబాదు అక్షాంశం 17 డిగ్రీల 23 నిమిషాలు అని ఉన్నదాన్ని 17.23 అని రాసేయడం. అరవై నిమిషాలు ఒక డిగ్రీ కాబట్టి అది 17.383 కావాలి. ఈ ఒక్క పొరపాటుతో ఊరే 17 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది.

సగటు పద్ధతి చిన్న దూరాలకు సరిపోతుందని పైన చెప్పిన మాటకు ఒక మినహాయింపు ఉంది. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా ఫిజీకి వెళ్ళిన కూలీల్లో తెలుగువారూ ఉన్నారు. ఆ ఫిజీ రాజధాని సువా 178.44 తూర్పు రేఖాంశం మీద ఉంటే, పొరుగున ఉన్న సమోవా రాజధాని ఆపియా 171.77 పశ్చిమం మీద ఉంది. రెండింటి మధ్య దూరం హైదరాబాదు నుంచి ఢిల్లీకి ఉన్నదానికన్నా కొంచెం తక్కువే. అయినా రేఖాంశాల సగటు తీస్తే 3.3 తూర్పు వస్తుంది. అది అంగోలాకు పడమర అట్లాంటిక్ సముద్రం, అసలు చోటుకు భూగోళంలో అవతలి వైపు. 180 డిగ్రీల రేఖ దగ్గర సంఖ్యలు ధనం నుంచి రుణానికి ఒక్కసారిగా దూకడమే ఇందుకు కారణం. బాణాల పద్ధతికి ఈ చిక్కు ఉండదు. దానికి ఉన్న చిక్కు ఒకే ఒక్కటి. హైదరాబాదుకు సరిగ్గా అవతలి వైపు, పసిఫిక్ మహాసముద్రంలో 17.4 దక్షిణం, 101.5 పశ్చిమం దగ్గర ఒక బిందువు ఉంది. అక్కడికి ఏ దిక్కుకు బయలుదేరినా దూరం ఒక్కటే. రెండు బాణాలూ ఎదురెదురుగా ఉండి మొత్తం సున్న అవుతుంది. అప్పుడు నడిమి చోటు ఒక బిందువు కాదు, భూమిని చుట్టి వచ్చే పూర్తి వృత్తం.

భూమి నిజానికి అచ్చమైన గోళం కాదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. ఈ చదునుదనాన్ని కొలతల ద్వారా పట్టుకునే పనిలో దక్షిణ భారతం పాత్ర చిన్నది కాదు. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితీయ సర్వే కొలతల మీద ఆధారపడి జార్జి ఎవరెస్టు 1830లో నిర్ణయించిన భూమి ఆకారాన్నే మన పటాలు చాలాకాలం అనుసరించాయి. నేటి జీపీఎస్ ప్రపంచమంతటికీ సరిపడే వేరొక కొలతను వాడుతుంది. గోళం అనుకుని వేసిన లెక్కకూ ఈ చదునైన ఆకారం మీద వేసిన లెక్కకూ దూరంలో తేడా అర శాతం దాకా ఉండవచ్చు. 1975లో థాడియస్ విన్సెంటీ ఇచ్చిన సూత్రాలతో ఆ తేడాను మిల్లీమీటర్ల స్థాయికి తేవచ్చు. అయితే ఇద్దరు మనుషులు కలుసుకునే చోటు కోసం వెదికేవారికి అంత సూక్ష్మత అవసరం లేదని నా అభిప్రాయం. హైదరాబాదు చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు పొడవే 158 కిలోమీటర్లు. ప్రయాణం పటాన్‌చెరులో మొదలవుతుందో హయత్‌నగర్‌లో మొదలవుతుందో చెప్పకుండా నడిమి చోటును మీటర్లలో చెప్పడంలో అర్థం లేదు. ఒక కొస ఇరవై కిలోమీటర్లు జరిగితే, విశాఖ లాంటి దూరాల్లో మధ్య బిందువు పది కిలోమీటర్లు జరుగుతుంది.

అసలు నడిమి చోటు వెదకడం వల్ల ఏం ఆదా అవుతుంది? ఇద్దరూ కలిసి తిరిగే దూరం ఏమాత్రం తగ్గదు. దారిలో ఎక్కడ కలుసుకున్నా, చివరికి ఒకరు కదలకుండా రెండోవారే మొత్తం ప్రయాణం చేసినా, కూడిక ఒక్కటే. మధ్య బిందువు చేసేదల్లా ఆ భారాన్ని సమానంగా పంచడం. అది పొదుపు కాదు, న్యాయం. న్యాయమే కావాలనుకుంటే దారిలోనే కలుసుకోనవసరం లేదు. రెండు ఊళ్ళకూ సమాన దూరంలో ఉండే బిందువులన్నీ కలిసి మరో మహావృత్తం అవుతాయి. అది మధ్య బిందువు గుండా మొదటి దారిని నిలువుగా ఖండిస్తూ భూమి చుట్టూ తిరుగుతుంది. హైదరాబాదు, డాలస్‌ల విషయంలో ఆ వృత్తం దాదాపు లండన్ మీదుగా పోతుంది. లండన్ నుంచి హైదరాబాదుకు సుమారు 7,720 కిలోమీటర్లు, డాలస్‌కు సుమారు 7,640. మంచు దీవిలో కలుసుకోవడంతో పోలిస్తే ఒక్కొక్కరికి అదనం ఐదు వందల కిలోమీటర్ల దరిదాపుల్లోనే. విమానాలు, హోటళ్ళు, బంధువుల ఇళ్ళు ఉన్న నగరం దొరుకుతుంది. కాబట్టి మధ్య బిందువును గమ్యంగా తీసుకోకుండా, అక్కడి నుంచి సమదూర రేఖ వెంట అటూ ఇటూ వెదకడం మంచి పద్ధతి.

నేలమీది ప్రయాణాల్లో దూరం కన్నా సమయాన్ని సగం చేసుకోవడమే ఎక్కువ ఉపయోగకరం. మియాపూర్ నుంచి బయలుదేరినవారు నగరం దాటేసరికే గంటకు పైగా గడిచిపోవచ్చు. ఆ ఆలస్యం వల్ల సమయం ప్రకారం నడిమి చోటు హనుమాన్ జంక్షన్ నుంచి హైదరాబాదు వైపు, విజయవాడ దిశగా వెనక్కి జరుగుతుంది. దారి మారినా ఇదే జరుగుతుంది. సూర్యాపేట దగ్గర మళ్ళి ఖమ్మం, సత్తుపల్లి, జంగారెడ్డిగూడెం మీదుగా రాజమహేంద్రవరం చేరేవారికి మొత్తం దూరం కొంత తగ్గి, సగం దూరం సత్తుపల్లి దాటి అశ్వారావుపేట వెళ్ళే దారిలో పూర్తవుతుంది. ఖమ్మం నుంచి దేవరపల్లి వైపు వెళ్ళే కొత్త రహదారి మీదికి బండ్లు మళ్ళేకొద్దీ, హైదరాబాదువారూ విశాఖవారూ మధ్యదారిలో కలుసుకునే చోటు కృష్ణా జిల్లా అంచు నుంచి సత్తుపల్లి వైపు, అంటే భద్రాచలం దగ్గరి ఆ బిందువుకు మరికొంత చేరువగా వస్తుంది.